స్లిక్స్ వేసిన ట్రక్కును డ్రాగ్ స్ట్రిప్ మీద లాంచ్ చేయడం ఎలా

పికప్ ట్రక్కు రేసింగ్ అనగానే అందరూ ముందు పవర్ దగ్గర మొదలుపెడతారు. రీమ్యాప్ చేయించాను (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించాను), పెద్ద టర్బో పెట్టించాను, డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఇంత టార్క్ వచ్చింది అని. వస్తే మంచిదే. కానీ డ్రాగ్ రేసులో, అంటే తిన్నని స్ట్రిప్ మీద ఆగి ఉన్న చోటు నుంచి తీసే 402 మీటర్ల (క్వార్టర్ మైలు) పరుగులో, మీ బండి జాతకం మొదటి 60 అడుగుల్లోనే తేలిపోతుంది, అంటే 18 మీటర్లలో, అక్కడ ఒక పదో వంతు సెకను మిగిల్చుకుంటే చివరి గీత దగ్గర అది దాదాపు ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులు అవుతుంది. ఆ 18 మీటర్లలో ఎక్కువ పవర్ సాయం కన్నా చేటే ఎక్కువ చేస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పవర్ పెంచడం గురించి కాదు, ఉన్న పవర్‌ని టైరు మోయగలిగినంత మేరకే, మోయగలిగిన సమయానికే ఇవ్వడం గురించి.

మీ దగ్గరున్నది దిగుమతి చేసుకున్న ఫోర్డ్ ఎఫ్-150 కావచ్చు, ట్యూన్ చేసిన టయోటా హైలక్స్ కావచ్చు, ఇసుజు వీ-క్రాస్ కావచ్చు. సమస్య మాత్రం అన్నిటికీ ఒకటే. ఇంజిన్ ముందు, వెనక ఖాళీ తొట్టి, రెండు టన్నుల చుట్టూ బరువు, అందులో సగం కంటే ఎక్కువ ముందు చక్రాల మీదే. వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) మూడు మీటర్లు దాటుతుంది, అది పెరిగేకొద్దీ బరువు వెనక్కి వాలడం తగ్గుతుంది. బండి ఎత్తుగా ఉండటం మాత్రం ఇక్కడ లాభమే, ఆ ఎత్తు వల్లే బరువు వెనక్కి బాగా వాలుతుంది. లాంచ్ అంటే, లైను నుంచి బయల్దేరడం అంటే, ఈ వాలడానికి టైం ఇవ్వడమే.

ముందు ఒక్క మాట, తర్వాత దీని గురించి మళ్లీ ఎత్తను. ఇదంతా ఔటర్ రింగ్ రోడ్డు మీద, కోకాపేటలో అర్ధరాత్రి ఖాళీగా కనిపించే రోడ్ల మీద చేయడానికి రాస్తున్నది కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది అటుంచితే, ఔటర్ మీద ఒక డీసీఎం లేన్ మారేలోపే మీ ట్రక్కు దాని వెనక్కి వచ్చేసి ఉంటుంది, ఆ లెక్క చాలు. మన హైదరాబాద్ వాళ్లు పరిగెత్తించాలంటే బయటి ఊరే దారి: లోనావాలా దగ్గరి ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ ఈవెంట్లు జరిగాయి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద బైకుల డ్రాగ్ పోటీలు జరిగాయి. రెండూ హైదరాబాద్ నుంచి ఆరు వందల కిలోమీటర్లకు పైనే. ఎంట్రీ ఫీజు కట్టే ముందు ఆ ఈవెంటుకి ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య) అనుమతి ఉందా, మీకు పోటీ లైసెన్స్ కావాలా, ట్రక్కులకు క్లాస్ ఉందా, స్లిక్స్ (గాడులు లేని రేసు టైర్లు) ఒప్పుకుంటారా, ఈ నాలుగూ ఫోన్ చేసి అడగండి. నాలుగోది అడగకుండా వెళ్లి టెక్ స్క్రూటినీ (బండి తనిఖీ) దగ్గర వాదించుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

టైర్ల సంగతి

స్లిక్స్ అంటే గాడులు లేని టైర్లు. మన నిబంధనల ప్రకారం కారు, ట్రక్కు టైరుకి కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు ఉండాలి, కాబట్టి వాటిని వేసుకుని రోడ్డు మీద బయల్దేరే ప్రశ్నే లేదు. వానపడితే అవి టైర్లు కావు, స్కేటింగ్ బూట్లు. ఇక్కడ పికప్ ఉండటం కలిసొస్తుంది: స్లిక్స్ రిమ్ములతో సహా తొట్టిలో వేసి తాడుతో బిగించి, జాకీ, జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్, చిన్న కంప్రెసర్ పక్కన పెట్టుకుని మామూలు టైర్ల మీద వెళ్లండి, అక్కడ మార్చుకోండి.

ఇక ఏ రకం? బయాస్ స్లిక్ అంటే పక్కగోడ బాగా మెత్తగా ముడుచుకుని, తిరిగి సాగి, దెబ్బను మింగుకునేది. డ్రాగ్ రేడియల్ అంటే గోడ గట్టిగా ఉండి నేలకు సమంగా అంటుకునేది, కొన్నిటికి నామమాత్రంగా గాడులు కూడా ఉంటాయి. లీఫ్ స్ప్రింగ్ (కమాన్ పట్టీల) ట్రక్కుకి, పట్టు కోసం జిగురు కొట్టని ట్రాక్ మీద, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి నా ఓటు బయాస్‌కే, ఎందుకంటే పట్టు వదిలేటప్పుడు అది నెమ్మదిగా వదులుతుంది, తప్పు దిద్దుకోవడానికి కాస్త సందు ఇస్తుంది. రేడియల్ పట్టుకున్నంతసేపు అద్భుతం, వదిలితే ఒక్కసారిగా వదిలేస్తుంది. బయాస్‌తో ఒక ఇబ్బంది కూడా ఉంది: ముందు రేడియల్, వెనక బయాస్ ఉంటే స్ట్రిప్ చివర్లో స్పీడు పెరిగినప్పుడు బండి వెనక భాగం అటూ ఇటూ ఊగినట్టు అనిపిస్తుంది. మొదటి పరుగులో పూర్తి దూరం తొక్కకండి, సగం వరకు వెళ్లి కాలు తీసి ఆ ఊపు ఎంతుందో చూడండి.

హైలక్స్‌కి, వీ-క్రాస్‌కి రెండిటికీ ఆరు బోల్టులే, 139.7 పీసీడీ (బోల్టులు ఉండే వృత్తం వ్యాసం, మిల్లీమీటర్లలో). అమెరికాలో చాలా ట్రక్కులకూ ఇదే కొలత కాబట్టి డ్రాగ్ రిమ్ములు దొరకడం అనుకున్నంత కష్టం కాదు, దిగుమతి సుంకమే కష్టం. కానీ పీసీడీ కలిసిందని కొనేయకండి. సెంటర్ బోర్ (రిమ్ము మధ్య రంధ్రం), ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత), ముఖ్యంగా వెనక బ్రేక్ డ్రమ్ముకి రిమ్ము తగులుతుందా లేదా చూసుకుని కొనండి.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. వెనక స్లిక్ ఎత్తు వేరు, ముందు టైరు ఎత్తు వేరు అయితే 4హెచ్ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే మోడ్) పెట్టకూడదు. ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరగాలని చూస్తాయి, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందుకీ వెనక్కీ పవర్ పంచే గేర్ల పెట్టె) నలిగిపోతుంది. నాలుగు చక్రాలతో లాంచ్ చేయాలంటే నాలుగూ ఒకే కొలత టైర్లు ఉండాలి, అప్పుడు కూడా తిన్నగా ఉన్న స్ట్రిప్ మీదే, యూటర్న్ తిప్పే ముందు మళ్లీ 2హెచ్‌కి (వెనక చక్రాలకే పవర్ వెళ్లే మోడ్) రావాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా 2హెచ్‌లో, వెనక స్లిక్స్‌తో లాంచ్ చేసే పద్ధతి.

ఇంటి దగ్గరే చేయాల్సిన పని

పట్టు పెరిగితే మొత్తం దెబ్బ టైరు నుంచి లోపలికి మళ్లుతుంది. మామూలు టైరు జారిపోయి మీ గేర్‌బాక్స్‌ను కాపాడుతూ వచ్చింది, స్లిక్ ఆ సాయం చేయదు. టైరు జారితే మీకు అదృష్టం, జారకపోతే ఆటోనగర్ మేస్త్రీకి బేరం. అందుకే బయల్దేరే ముందు గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (యూనివర్సల్ జాయింట్లు) చేత్తో పట్టుకుని తిప్పి చూడండి, కొంచెం వదులు కనిపించినా మార్చేయండి. ఇంజిన్ మౌంట్లు, యాక్సిల్‌ని కమాన్ పట్టీలకి బిగించే యు-బోల్టులు కూడా చూడండి. షాఫ్ట్ ముందు భాగం కింద ఒక ఉక్కు లూప్ వేయించండి, క్రాస్ విరిగితే షాఫ్ట్ నేలలో గుచ్చుకుని బండిని ఎత్తి పడేయకుండా ఆపేది అదే. అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అక్కడి డ్రాగ్ రేసింగ్ సంస్థ) నిబంధనల్లో స్లిక్స్ వేసి క్వార్టర్ మైలు 13.99 సెకన్లు లేదా అంతకంటే తక్కువలో కొట్టే బండికి ఈ లూప్ తప్పనిసరి, హెల్మెట్‌కీ అదే హద్దు. మీ ఈవెంటు వాళ్లు అడగకపోయినా వేయించండి.

లీఫ్ స్ప్రింగుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ట్రక్కు లాంచ్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. గ్యాస్ నొక్కగానే యాక్సిల్ హౌసింగ్ తనంతట తాను వెనక్కి మెలితిరగాలని చూస్తుంది. దాన్ని పట్టుకుని ఉన్నవి కమాన్ పట్టీలే. అవి ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంగుతాయి, ఒక హద్దు దాటాక మళ్లీ తిన్నగా ఎగురుతాయి, ఆ ఎగురుడులో టైరు నేల వదులుతుంది, నేల తాకగానే మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ వంగుతాయి. సెకనుకి చాలాసార్లు. దీన్నే వీల్ హాప్ అంటారు. కూర్చున్నవాడికి వెనక ఎవరో సుత్తితో తొట్టిని కొడుతున్నట్టు వినిపిస్తుంది. క్రౌన్ పినియన్ (యాక్సిల్ మధ్యలోని గేర్లు) పళ్లు రాలేది, యాక్సిల్ షాఫ్ట్ మెలిక పడేది అప్పుడే. దీనికి మందు ట్రాక్షన్ బార్లు, యాక్సిల్ నుంచి ఛాసిస్‌కి, మెలిక పడకుండా పట్టుకునేవి. రెడీమేడ్ దొరక్కపోతే మంచి ఫ్యాబ్రికేటర్ దగ్గర చేయించుకోవచ్చు, కానీ బారుకి రెండు చివరలా బుష్ ఉండాలి, సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలే దారికి అది అడ్డం రాకూడదు. వెల్డింగ్ ఎవరు చేస్తున్నారో దగ్గరుండి చూడండి. బార్లు వేయించేదాకా స్లిక్స్ కొనకపోయినా నష్టం లేదు.

తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకుని వెళ్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. వద్దు. వెనక బరువు మేలే, కానీ వదులుగా ఉన్న ఏ బరువైనా బ్రేక్ వేసినప్పుడు మీ వీపు మీదకి వస్తుంది. బరువు పెట్టాలంటే ఛాసిస్‌కి బోల్టు వేసి పెట్టండి, రూల్ బుక్ ఒప్పుకుంటేనే. బండి తేలిక చేద్దామని టెయిల్‌గేట్ పీకేసేవాళ్లూ ఉన్నారు, లాంచ్‌కి అది అడ్డగోలు పని, ఉన్న కొద్ది బరువూ వెనక నుంచే తీసేస్తున్నారు. తీయాల్సింది ముందు నుంచి: స్టీల్ బంపర్, బుల్ బార్, విన్చ్. కింద వేలాడే స్టెప్నీ యాక్సిల్‌కి వెనకే ఉంటుంది కాబట్టి ఉంచేయొచ్చు, స్క్రూటినీ వాళ్లు తీయమంటే తప్ప. దాని గొలుసు బిగువుగా ఉందో లేదో మాత్రం చూడండి.

స్ట్రిప్ దగ్గరికి చేరాక

వెంటనే టైర్లు మార్చకండి. ముందు స్ట్రిప్ మీదకి నడిచి వెళ్లండి. నేలను చేత్తో తాకండి. విదేశీ వీడియోల్లో చూసే స్ట్రిప్పుల మీద జిగురు లాంటి ద్రావకం చల్లి, రబ్బరు రుద్ది ఉంచుతారు, చెప్పు పెడితే అంటుకుంటుంది. మామూలు రన్‌వే మీద ఆ భోగం ఆశించకండి, దుమ్ము, సన్న కంకర, పాత పెయింటు గీతలు ఉంటాయి. ఆ వీడియోల్లో చెప్పే ఆర్‌పీఎం అంకెలు జిగురు లేని నేల మీద పనికిరాకపోవడానికి ఇదే కారణం. మీ లేన్‌లో మొదటి 20 మీటర్లు చూసి, ముందు బళ్లు వదిలిన నల్లటి చారలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి, మీ వెనక టైర్లు వాటి మీదుగానే వెళ్లాలి.

ఇప్పుడు టైర్లు మార్చండి. నట్లు చక్రం గాలిలో ఉండగా చేత్తో, నేల మీద దించాక టార్క్ రెంచ్‌తో, అడ్డంగా ఎదురెదురు వరసలో. మొదటి పరుగయ్యాక ఇంకోసారి. తర్వాత ఒక చిన్న పని: తెల్ల మార్కర్‌తో రిమ్ము అంచు మీద నుంచి టైరు గోడ మీదకి ఒక తిన్నని గీత గీయండి, రెండు చక్రాలకీ. ప్రతి పరుగు తర్వాత చూడండి. రిమ్ము మీది గీత, టైరు మీది గీత విడిపోతే, గాలి తక్కువై రిమ్ము టైరు లోపలే జారి తిరుగుతోందన్న మాట. అంగుళం విడిపోయిందంటే ఒకటి రెండు పీఎస్ఐ పెంచండి, ఇంకా విడిపోతూ ఉంటే టైరు అంచుని రిమ్ముకి బిగించి పట్టే రిమ్ము స్క్రూలో బీడ్‌లాక్ రిమ్మో లేకుండా ముందుకి వెళ్లకండి.

గాలి ఎంత? ముందు టైరు కంపెనీ ఇచ్చిన పట్టిక, తర్వాతే ఎవరి సలహా అయినా. ఆ పట్టిక అడ్డు చెప్పకపోతే రెండు టన్నుల ట్రక్కుకి బయాస్ స్లిక్ అయితే 16, 18 పీఎస్ఐ మధ్య, డ్రాగ్ రేడియల్ అయితే 20 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పీఎస్ఐ చొప్పున కిందికి రావాలి. పెట్రోల్ బంకు గేజ్‌తో ఇది కుదరదు, 30 పీఎస్ఐ వరకే ఉండే చిన్న గేజ్ కొనండి. ఇంకోటి, మధ్యాహ్నం పూట బండి నిలబెట్టినప్పుడు ఒక పక్క టైరు ఎండలో, ఇంకో పక్కది నీడలో ఉంటుంది, ఎండలోదానికి గాలి పెరుగుతుంది. రెండూ సమం చేశాననుకుని లైన్‌లోకి వెళ్తే బండి ఒక పక్కకి లాగుతుంది. ఎండ పక్క టైరు మీద తడి గోనె పట్టా కప్పండి, గాలిని మాత్రం పరుగు వరసలో నిలబడ్డాకే చివరిసారి చూడండి.

ఎలక్ట్రానిక్స్: ట్రాక్షన్ కంట్రోల్ (టైరు జారగానే పవర్ తగ్గించేది) బటన్ ఒకసారి నొక్కితే సగమే ఆగుతుంది చాలా బళ్లలో, నొక్కి పట్టుకుంటేనే పూర్తిగా. కొన్ని కొత్త బళ్లలో బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి నొక్కితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) తనే పవర్ తగ్గించేస్తుంది. మీ బండి అలా చేస్తుందో లేదో స్ట్రిప్ మీద కాకుండా ఖాళీ స్థలంలో ముందే తెలుసుకోండి, ట్యూన్ చేసినవాళ్లతో మాట్లాడండి.

బర్నౌట్

స్లిక్ మీద దుమ్ము పోయి, పై పొర కాస్త వేడెక్కి అంటుకునేలా అవ్వడానికి బర్నౌట్. జనం చప్పట్లు కొట్టడానికి కాదు. ఎక్కువసేపు చేస్తే టైరు జిడ్డుగా అయి ఉన్న పట్టూ పోతుంది.

నీళ్లు పోసిన చోటుకి తిన్నగా వెళ్లకండి. పక్క నుంచి చుట్టి ముందుకి వెళ్లి, రివర్స్‌లో వెనక టైర్లు మాత్రం నీళ్లలోకి దించండి. లేకపోతే ముందు టైర్ల గాడుల్లో నీళ్లు చేరి స్టార్ట్ లైను దాకా కారుతాయి, మీ వెనక టైర్లు ఆ తడి మీదే నిలబడతాయి. అక్కడి నుంచి రెండో గేర్‌లో, లైన్ లాక్ (ముందు బ్రేకులని మాత్రమే పట్టి ఉంచే స్విచ్) ఉంటే బ్రేక్ గట్టిగా తొక్కి బటన్ నొక్కి పట్టుకుని పెడల్ వదిలేయండి, ముందు చక్రాలు ఆగి ఉంటాయి, వెనకవి తిరుగుతాయి. లైన్ లాక్ లేకుండా బ్రేక్ తొక్కి చేస్తే వెనక డ్రమ్ములు కాలిపోతాయి, ఒకటి రెండు సెకన్లకి మించి చేయకండి. పొగ పలచగా లేవడం మొదలవగానే, టైరు ఇంకా తిరుగుతుండగానే బటన్ వదిలి బండిని తడి నుంచి పొడి నేల మీదకి నడిపించండి. తడిలోనే గ్యాస్ వదిలేసి ఆగిపోతే చేసిందంతా వృథా. నీళ్లలో బ్లీచింగ్ కలిపితే పొగ బాగా వస్తుందని చెప్పేవాళ్ల మాట వినకండి, ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, టైరుకి ఒరిగేదీ లేదు.

స్టేజింగ్, లాంచ్

లైను దగ్గర రెండు కిరణాలు ఉంటాయి. మొదటిది తాకితే ప్రీ-స్టేజ్ బల్బు, ఇంకొంచెం ముందుకెళ్తే స్టేజ్ బల్బు. రెండో బల్బు వెలిగిన క్షణంలోనే ఆగండి, ఒక్క అంగుళం కూడా ఎక్కువ వద్దు. టైం లెక్క మొదలయ్యేది మీ ముందు టైరు ఆ కిరణాన్ని వదిలినప్పుడు. అంచున ఆగితే గడియారం మొదలయ్యేలోపు మీకు దాదాపు ఒక అడుగు ఉచితంగా దొరుకుతుంది, రెండు టన్నుల ట్రక్కుకి ఆ అడుగు చాలా విలువైనది. లోపలికి దూరి నిలబడితే రియాక్షన్ (లైటుకి స్పందించిన టైం) బాగా కనిపిస్తుంది కానీ ఈటీ (పరుగుకి పట్టిన టైం) పాడవుతుంది.

డీజిల్ ఆటోమేటిక్ అయితే చేయాల్సింది ఇలా. ప్రీ-స్టేజ్‌లో ఉండగానే ఎడమ కాలు బ్రేక్ మీద గట్టిగా పెట్టి, కుడికాలితో నెమ్మదిగా ఆర్‌పీఎం పెంచడం మొదలుపెట్టండి. మొదట ఒక చిన్న “టిక్” వినిపిస్తుంది, సీటు కింద తెలుస్తుంది కూడా. గేర్లలో, క్రాసుల్లో ఉన్న వదులంతా అప్పుడు బిగుసుకుంటుంది. ఆ వదులు బిగుసుకోకుండా ఒక్కసారి గ్యాస్ తొక్కడం వల్ల కూడా షాఫ్టులు విరుగుతాయి, టార్క్ ఎక్కువై మాత్రమే కాదు. తర్వాత టర్బో గేజ్ చూడండి, మొదటిసారికి 5 పీఎస్ఐ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) చాలు. బ్రేకుని కొద్దిగా సడలిస్తూ స్టేజ్ బల్బు వెలిగించండి, మళ్లీ బిగించండి. ఈ స్థితిలో రెండు మూడు సెకన్లకి మించి ఉండకూడదు, టార్క్ కన్వర్టర్‌లో (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది) ఆయిల్ ఉడికిపోతుంది. మధ్యలో వెనక టైర్లు ముందు చక్రాలని తోసుకుంటూ బండి జరిగిపోతుంటే, మీ బ్రేకులు ఆపగలిగినదానికంటే ఎక్కువ బూస్ట్ పెట్టారన్న మాట, తగ్గించండి. లేకపోతే లైటు రాకముందే కిరణం దాటేసి ఎర్ర బల్బు (ఫౌల్) తెచ్చుకుంటారు.

లైట్ల స్తంభం మీది మూడు పసుపు బల్బులూ అర సెకను తేడాతో వరసగా వెలిగే చోట చివరి పసుపు బల్బు కనిపించగానే కదలండి. పచ్చ కోసం ఆగితే ఆలస్యమే, మీ కాలు, ట్రక్కు రెండూ స్పందించడానికి ఆ అర సెకను పడుతుంది. మూడూ కలిసి వెలిగే చోట వ్యవధి 0.4 సెకన్లే. జెండాతో వదిలే చోట జెండా పట్టుకున్నవాడి భుజం చూడండి, భుజమే ముందు కదులుతుంది.

బ్రేక్ మొత్తంగా, ఒకేసారి వదలండి. గ్యాస్ మాత్రం ఒకేసారి కాదు. పెడల్ సగం దాకా ఇచ్చి, ముక్కు పైకి లేవడం, నడుము సీటులోకి నొక్కుకోవడం తెలిశాక, అర సెకను నుంచి సెకను లోపు నేల దాకా తొక్కండి. ఆ మధ్యలో జరిగేదే బరువు వెనక్కి వాలడం, టైరు గోడ ముడుచుకోవడం, పట్టీలు సర్దుకోవడం. జిగురు కొట్టిన స్ట్రిప్ అయితే ఆ టైం ఇంకా తగ్గించవచ్చు. ఉత్త రన్‌వే మీద తగ్గించకండి.

మాన్యువల్ వాళ్లకి పని ఎక్కువ. డీజిల్ అయితే 2,000 ఆర్‌పీఎం దగ్గర మొదలుపెట్టండి, క్లచ్‌ని బైట్ పాయింట్ (పట్టుకోవడం మొదలయ్యే చోటు) దాకా తెచ్చి ఆ “టిక్” వచ్చాక ఆపండి, లైటు రాగానే అక్కడి నుంచి మెల్లగా జార్చండి. టక్కున వదిలితే క్లచ్ ప్లేటో, యాక్సిలో, రెండిట్లో ఒకటి మీకు కనిపించకుండా పోతుంది. స్టాక్ క్లచ్‌తో వరసగా పరుగులు పెట్టకండి, మాడిన వాసన వస్తే అరగంట బానెట్ ఎత్తి నిలబెట్టండి.

వెనక భాగం పక్కకి తిరగడం మొదలైతే కాలు తీయండి, అంతే. స్టీరింగ్‌తో పోట్లాడుతూ గ్యాస్ పట్టుకుని ఉంటే, టైరు మళ్లీ పట్టుకున్న క్షణంలో బండి ఎటు చూస్తోందో అటే దూకుతుంది, పక్క లేన్ ఆ వైపే ఉంటుంది. హాప్ శబ్దం వస్తే కూడా అంతే, కాలు తీసేయండి, ఆ పరుగు పోయినట్టే. చివర్లో బ్రేకు నెమ్మదిగా వేయండి, గాలి తక్కువున్న స్లిక్ గట్టి బ్రేకుకి వెనక భాగాన్ని ఊపేస్తుంది.

చారలు చదవడం

పరుగయ్యాక స్లిప్ (టైములు ముద్రించి ఇచ్చే కాగితం) తీసుకోవడం కంటే ముందు, నిర్వాహకులు ఒప్పుకుంటే, లైను దగ్గరికి వెళ్లి మీ టైర్లు వదిలిన చారలు చూడండి. ఒప్పుకోకపోతే ఫ్రెండ్‌ని లైను పక్కన మోకాలి ఎత్తులో ఫోన్ పట్టుకుని వీడియో తీయమనండి, వెనక టైరు మాత్రమే కనిపించేలా.

రెండు చారలూ సమంగా, చిక్కగా పది మీటర్లు సాగితే టైరు మొదటినుంచీ జారింది, గ్యాస్ తొందరపడి ఇచ్చారు లేదా గాలి ఎక్కువుంది. చార మధ్యలో ముక్కలు ముక్కలుగా, కుట్టు వేసినట్టు ఉంటే అది వీల్ హాప్, గాలి మార్చి లాభం లేదు, ట్రాక్షన్ బార్లూ బుష్‌లూ చూడండి. కుడి పక్క చార మాత్రమే ఉంటే ఓపెన్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం జారితే రెండోదానికి బలం పంపలేని రకం. షాఫ్ట్ తిరిగే మెలికకి ఈ రకం యాక్సిల్‌లో కుడి చక్రం తేలికవుతుంది, అదే ముందు జారుతుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియలో, డిఫ్ లాకో కావాలి. ఫ్యాక్టరీ లాక్ ఉంటే అది ఏ మోడ్‌లో పనిచేస్తుందో మాన్యువల్‌లో చదవండి. చార ఒక్కొక్కటి మధ్యలో పలచగా, రెండు అంచుల్లో చిక్కగా ఉంటే గాలి తక్కువ, మధ్యలోనే చిక్కగా ఉంటే గాలి ఎక్కువ. అసలు చారే లేకుండా బండి మూలుగుతూ వెళ్లిందంటే టైరు బాగానే పట్టింది, బూస్ట్ చాలలేదు, వచ్చేసారి రెండు పీఎస్ఐ బూస్ట్ ఎక్కువ పెట్టి వదలండి.

తర్వాత స్లిప్. 60 అడుగుల టైం ఇచ్చే చోట ఆ అంకె ఒక్కటే చూడండి, మిగతావి ఇంటికెళ్లాక చూసుకోవచ్చు. ఇవ్వని చోట డ్రాగీ లాంటి జీపీఎస్ డబ్బా డాష్‌బోర్డు మీద పెట్టుకోండి. 2.2 సెకన్లంటే ఎక్కడో జారింది, 1.8 దగ్గరికి వస్తే రోడ్డు మీద తిరిగే ట్రక్కుకి చాలా మంచి లాంచ్. రియాక్షన్ టైం ఈటీలో కలవదు కాబట్టి దాని గురించి ఇప్పుడు టెన్షన్ పడకండి.

ఒక పరుగుకీ ఇంకో పరుగుకీ మధ్య ఒక్కటే మార్చండి. గాలి తగ్గించారా, బూస్ట్ అలాగే ఉంచండి. బూస్ట్ పెంచారా, గాలి ముట్టుకోకండి. రెండూ మార్చి టైం తగ్గితే దేని వల్ల తగ్గిందో మీకు తెలియదు, పెరిగితే అసలే తెలియదు. ఫోన్ నోట్స్‌లో ఒక్కో పరుగుకి గాలి, బూస్ట్, 60 అడుగుల టైం, ఎండా నీడా, ఈ నాలుగే రాసుకోండి. పొద్దున తొమ్మిదింటికి కుదిరిన సెట్టింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకి కుదరదు, తారు మెత్తబడుతుంది, గాలి పలచబడుతుంది, ఇంటర్‌కూలర్ కూడా వేడిని వదిలించుకోలేదు. పరుగుల మధ్య కనీసం ఇరవై నిమిషాలు, ఇంజిన్ ఆపేముందు టర్బో చల్లారేలా రెండు నిమిషాలు ఐడిల్‌లో.

రోజు అయిపోయాక స్లిక్స్ తీసి, వాటి మీద అతుక్కున్న కంకర పాత స్క్రూడ్రైవర్‌తో గీకేయండి, గాలి మామూలు స్థాయికి పెంచి, నల్ల కవర్లో చుట్టి తొట్టిలో కట్టండి. మామూలు టైర్ల నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తోనే. హైదరాబాద్ దారిలో యాభై కిలోమీటర్లు వెళ్లాక టీ కోసం ఆగిన చోట ఆ నట్లు ఇంకోసారి చూసి, డిఫరెన్షియల్ కింద ఆయిల్ కారుతోందేమో తొంగి చూడండి. ఇంటికి చేరాక స్లిక్స్‌ని డాబా మీద పెట్టకండి, ఎండకి ఒక్క వేసవిలో గోడలు పగుళ్లిస్తాయి. మెట్ల కింద, నిలబెట్టి, చీకటిగా ఉన్న చోట పెట్టండి, ఇన్వర్టర్ పక్కన మాత్రం వద్దు.